ఆకలి హార్మోన్లు సొంతంగా చదువుకుందాం – 3వ పాఠం: గ్రీలిన్ పుట్టిల్లు ఎక్కడ?

పోయిన పాఠంలో లెప్టిన్ (ఆకలిని తగ్గించే హార్మోన్) కోసం గీసిన బొమ్మ పారేయలేదుగా? ఇవాళ గ్రీలిన్‌ని కూడా ఆ కాగితం మీదే ఎక్కించాలి. జీర్ణాశయం ఖాళీ అయితే గ్రీలిన్ వస్తుందని పదో తరగతిలో ఒక్క ముక్కలో బట్టీ పట్టేశాం కదా, ఇప్పుడు ఆ ముక్కనే విప్పుదాం.

ముందు జీర్ణాశయం గీయండి. అన్నవాహిక వచ్చి కలిసే చోటుకి పక్కన, శరీరానికి ఎడమ వైపు, అంటే ఎదురుగా చూసే మన బొమ్మలో కుడి వైపు (నేను మొదట్లో ఇది తిరగేసి గీసి రెండుసార్లు చెరుపుకున్నాను) పైకి గుమ్మటంలా ఉబ్బిన భాగం ఉంటుంది. అదే ఫండస్. పెన్సిల్‌తో అక్కడ చుక్కలు ఒత్తుగా పెట్టండి, కిందికి వచ్చేకొద్దీ పలచన చేయండి, ఆంత్రమూలంలో కొన్ని, మిగతా చిన్నపేగులో అక్కడక్కడా, క్లోమంలో ఒకటీ అరా పెడితే చాలు.

ఇప్పుడు ఒక్క చుక్కని పెద్దది చేసి చూద్దాం, అసలు మజా ఇక్కడే. జీర్ణరసం వదిలే కణాలు జీర్ణాశయం లోపలి ఖాళీ వైపు తెరుచుకుంటాయి. వాటి పక్కనే ఉన్నా గ్రీలిన్ కణం మాత్రం ఆ వైపు తలుపే పెట్టుకోదు. దాని సరుకంతా వెనక ఆనుకుని ఉన్న సన్నటి రక్తనాళాల్లోకి పోతుంది. అంటే ఇది అన్నంలో కలిసే రసం కాదు, రక్తంలో తిరిగే కబురు. 28 అమైనో ఆమ్లాల గొలుసు, అందులో మూడోదానికి ఎనిమిది కార్బన్ల కొవ్వు తోక తగిలిస్తేనే ఆకలి పని మొదలవుతుంది.

సరే, మెదడు సంగతి? చాలామంది తడబడేది ఇక్కడే. హార్మోన్ తయారయ్యే పుట్టిల్లు వేరు, వెళ్లి పనిచేసే మెట్టినిల్లు వేరు. గ్రీలిన్ విషయంలో తమాషా ఏమిటంటే మెట్టినిల్లే ముందు దొరికింది: దాని గ్రాహకం (కణం మీద ఆ హార్మోన్ కబురు అందుకునే ప్రోటీన్) 1996లో తెలిసింది, కోడలు ఎవరో తెలియడానికి 1999 దాకా ఆగాల్సి వచ్చింది. జపాన్‌లో కొజిమా, కంగావా బృందం ఎలుక మెదడులోనూ వెతికింది, చివరికి అది జీర్ణాశయంలో పుష్కలంగా దొరికింది. ఆ గ్రాహకాలు మెదడు అడుగున ఉండే హైపోథలామస్‌లో, ముఖ్యంగా అందులోని ఆర్క్యుయేట్ కేంద్రకంలో ఆకలి పుట్టించే నాడీకణాల మీద బాగా ఉంటాయి.

మరి అక్కడే తయారవుతుందా? ఏ అవయవం గురించైనా మూడు ప్రశ్నలు వేయండి. ఆ హార్మోన్ అక్కడ కనబడుతోందా? దాన్ని తయారుచేయడానికి కణం వాడే నకలు, అంటే ఆర్‌ఎన్‌ఏ, అక్కడ ఉందా? ఆ అవయవం తీసేస్తే రక్తంలో మోతాదు పడిపోతోందా? జీర్ణాశయం మూడింట్లోనూ పాస్. మొత్తం తీసేసినవాళ్లలో గ్రీలిన్ దాదాపు మూడో వంతుకు పడిపోయింది, సున్నా కాలేదు, ఆ మిగిలింది పేగుల్లాంటి చోట్ల నుంచే. బరువు తగ్గడానికి చేసే స్లీవ్ సర్జరీలో ఫండస్ పోతుంది కాబట్టి అక్కడా తగ్గుతుంది. హైపోథలామస్ మొదటి ప్రశ్న దగ్గరే టెన్షన్ పెడుతుంది: రంగు వేసి చూస్తే కొన్ని నాడీకణాల్లో కనబడిందని కొందరన్నారు, తర్వాత ఆర్‌ఎన్‌ఏ కోసం వెతికిన మరికొందరికి దొరకలేదు. రంగు అదే పోలికున్న ఇంకో ప్రోటీన్‌కి కూడా అంటుకోవచ్చు. నన్నడిగితే ఆర్‌ఎన్‌ఏ లేని చోటిని పుట్టిల్లు అనను. మీ బొమ్మలో హైపోథలామస్ దగ్గర చుక్క వద్దు, ప్రశ్నార్థకం పెట్టి, గ్రాహకాలకి వేరే రంగు వేయండి.

ఇంటిపని: కొలెసిస్టోకైనిన్‌కి ఇవే మూడు ప్రశ్నలు వేసి చూడండి. తిన్నాక కడుపు నిండిందనిపించే హార్మోన్ ఇది. ఆంత్రమూలంలో పుడుతుందని పుస్తకాల్లో ఉంటుంది. అయితే ఇది మెదడులోనూ నిజంగానే తయారవుతుంది, కాబట్టి ఈసారి రెండు చోట్లా చుక్కలే పెట్టాలి. నాలుగో పాఠం ఆ బొమ్మతోనే మొదలుపెడదాం.