థెరపీలో యాప్ తెరిచే ముందు జాగ్రత్తలు

థెరపీలో భాగంగా పేషెంటుతో ట్యాబ్ మీద యాప్ ఆడించబోతున్నారా? ముందు లక్ష్యం తేల్చుకోండి, యాప్ సంగతి తర్వాత. చొక్కా గుండీలు పెట్టుకోవడం రావాలంటే తెర మీద బొమ్మ గుండీలు జరిపితే చాలదు, అసలు చొక్కా కూడా పక్కన ఉండాలి.

యాప్‌ను మొదట మీరే చివరిదాకా ఆడి చూడండి. మధ్యలో ప్రకటనలు వస్తున్నాయా? ఓడితే పెద్దగా చప్పుడు చేస్తోందా? ఉచిత యాప్‌లతో ఎప్పుడూ ఇదే టెన్షన్. మెరుపులకు మూర్ఛ వచ్చేవారికి తెర గబగబా మెరిసే ఆటలు అసలు వద్దు.

చేయి వణికేవారికి చాలాసార్లు ఆట కష్టం కాదు, తాకడమే కష్టం. ఒక బొమ్మ మీద వేలు పెట్టబోతే పక్కది నొక్కుకుపోతుంది, విసుగొచ్చి ట్యాబ్ పక్కకు తోసేస్తారు. ఐప్యాడ్ సెట్టింగ్స్‌లో ‘టచ్ అకామడేషన్స్’ తెరిచి, వేలు ఎంతసేపు ఆనితే నొక్కినట్టో ముందే సరిచేయండి. ‘గైడెడ్ యాక్సెస్’ పెడితే పొరపాటున యాప్ బయటికి వెళ్లిపోరు. ఆండ్రాయిడ్‌లో అయితే ఇదే పనికి ‘యాప్ పిన్నింగ్’ ఉంటుంది.

పక్షవాతం వల్ల ఒకవైపు గమనించలేని వారికి ట్యాబ్ ఎటువైపు పెట్టాలో థెరపిస్టునే అడగండి, మీరు ఊహించకండి.

నోటిఫికేషన్లు ఆపండి. చార్జింగ్ చూసుకోండి. తెర తుడవండి. అనుమతి లేకుండా పేషెంటు పేరు, ఫొటో యాప్‌లో ఎక్కించకండి.