ఫోర్క్‌లిఫ్ట్ నడపాలంటే ఏ కాగితం కావాలి, ఎక్కడ దరఖాస్తు చేయాలి

"ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సు ఎక్కడిస్తారండీ?" భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో పనికి వచ్చే కుర్రాళ్లు ముందుగా అడిగేది ఇదే. ఫోర్క్‌లిఫ్ట్ అంటే ముందున్న రెండు ఇనుప చేతులతో (ఫోర్కులతో) సరుకు ఎత్తి మోసే బండి. ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే ఆ పేరుతో ఒకే కాగితం లేదు. శిక్షణ తీసుకుని పరీక్ష పాసైనట్టు సర్టిఫికెట్ ఒకటి. ఫలానా బండి మీరు నడపొచ్చని పనిచేసే చోట యాజమాన్యం సంతకం పెట్టి ఇచ్చే అనుమతి కార్డు ఇంకొకటి. బండి గేటు దాటి రోడ్డెక్కితే రవాణా శాఖ డ్రైవింగ్ లైసెన్సు మూడోది. ఒకటి చేతిలో ఉంది కదా అని మిగతావి వదిలేసినవాళ్లే తర్వాత ఇబ్బంది పడుతున్నారు.

నేను చాలాకాలం ఒక కోల్డ్ స్టోరేజీలో గోడౌన్ పని చూశాను. ఒకసారి ఓ కుర్రాడు లామినేషన్ చేసిన రంగుల సర్టిఫికెట్ పట్టుకుని వచ్చాడు. బండి దగ్గరికి తీసుకెళ్లి, డ్యాష్‌బోర్డు పక్కనున్న రేకు చూపించి, ఇదేంటి బాబూ అన్నాను. "కంపెనీ పేరున్న పలక అండీ" అన్నాడు. అది కెపాసిటీ ప్లేటు. ఆ బండి ఎంత బరువు, ఎంత ఎత్తుకు ఎత్తగలదో రాసి ఉండే ప్లేటు. సర్టిఫికెట్ ఇచ్చిన చోట అసలు బండి ఎక్కించారా అని అడిగితే, డబ్బు కట్టించుకుని ఫొటో అడిగారు, అంతే అన్నాడు. తప్పు వాడిది కాదు. అయినా ఆ రోజు బండి తాళం ఇవ్వలేకపోయాను.

చట్టం ఏమంటుంది

శిక్షణ ఇప్పించే భారం ముందు యజమానిది. కార్మికుల భద్రతకు అవసరమైన సమాచారం, శిక్షణ, పర్యవేక్షణ యజమాని ఏర్పాటు చేయాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 7ఎ సెక్షన్ చెప్పింది. 111ఎ సెక్షన్ ఇంకా సూటిగా ఉండేది: వీలైతే ఫ్యాక్టరీలోనే శిక్షణ పొందడం, లేకపోతే చీఫ్ ఇన్‌స్పెక్టర్ ఆమోదించిన శిక్షణ కేంద్రానికి యజమాని తరఫున వెళ్లడం కార్మికుడి హక్కు అని. భద్రత ఏర్పాట్లు సరిగా లేకపోతే నేరుగా ఇన్‌స్పెక్టరుకు చెప్పుకోవచ్చని కూడా అందులోనే ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఫ్యాక్టరీల చట్టం 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిసింది. అలాగని యజమాని బాధ్యత పోలేదు, కొత్త కోడ్‌లోనూ ఉంది.

కాబట్టి ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లు సొంత డబ్బు పెట్టే ముందు ఒక తెల్లకాగితం మీద మేనేజరుకు అర్జీ రాయండి. పేరు, టోకెన్ నంబరు, ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు, ఏ బండికి శిక్షణ కావాలి, ఇంతే చాలు. రెండు కాపీలు తీసి, మీ దగ్గరుండే కాపీ మీద ఆఫీసులో ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ. ఆ సంతకం ఉన్న కాపీ తర్వాత ఎప్పుడైనా పనికొస్తుంది.

కాగితాలు సర్దుకోవడం

కనీస వయసు 18. ఆధార్, పదో తరగతి మార్కుల మెమో, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఆధార్‌కు లింకైన ఫోను, బ్యాంకు ఖాతా వివరాలు దగ్గర పెట్టుకోండి. పదో తరగతి లేకపోతే వయసుకు వేరే ఆధారం, ఎంతవరకు చదివారో దానికి స్కూలు టీసీ తెచ్చుకోండి. పాత పనిచోటి నుంచి అనుభవ పత్రం ఉంటే మంచిది.

మన దగ్గర ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇంటిపేరు దగ్గర. మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకులో చివర ఉంటుంది. కంప్యూటర్‌కు ఇవి ముగ్గురు మనుషులు. దరఖాస్తుకు ముందే ఆధార్‌లో పేరు మెమో ప్రకారం దిద్దించుకోండి. ఆధార్‌కు ఇచ్చిన పాత ఫోన్ నంబరు మారిపోయినా ఓటీపీ రాదు. ఆ రెండు పనులూ మీసేవలోనో ఆధార్ కేంద్రంలోనో ఒక్క తిరుగుడుతో ముగించుకోవచ్చు.

కళ్లు ముందే చూపించుకోండి. ఎదురుగా ఎత్తిన ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పీఠం) అంచు, పైన రాక్ సందు సరిగా కనబడకపోతే ఎంత అనుభవం ఉన్నా లాభం లేదు. కళ్లజోడు ఉంటే పరీక్షకు పెట్టుకునే వెళ్లండి.

శిక్షణకు దరఖాస్తు

దారులు మూడు నాలుగున్నాయి. పెద్ద ప్లాంట్లు బండి అమ్మిన డీలరు దగ్గరి నుంచి శిక్షకుడిని పిలిపించుకుంటాయి. అది మీ ప్లాంటులో జరిగితే వదులుకోకండి, మీరు రోజూ నడిపే బండి మీదే నేర్పుతారు. కాకినాడ పోర్టు వైపు గోడౌన్లు, నూనె రిఫైనరీల్లో పనికెళ్లేవాళ్లకు కాంట్రాక్టరే పంపే పద్ధతి ఉంటుంది. అలాంటప్పుడు సర్టిఫికెట్ మీ పేరు మీద వస్తుందా, కాంట్రాక్టరు దగ్గరే ఉండిపోతుందా అని ముందే అడిగి తేల్చుకోండి.

సొంతంగా వెళ్లేవాళ్లు స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో మొబైల్ నంబరుతో పేరు నమోదు చేసుకుని, ఆధార్ ఈకేవైసీ పూర్తి చేసి, ఫోర్క్‌లిఫ్ట్ లేదా గోడౌన్ యంత్రాల ఆపరేటర్ కోర్సు వెతకాలి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద నడిచే బ్యాచ్ అయితే ఫీజు ఉండదు. దగ్గర్లో బ్యాచ్ కనబడకపోతే విజయవాడ, విశాఖ వైపు కూడా చూడండి. ఊళ్లో కూర్చుని భీమవరంలోనే పెట్టాలంటే నెలలు గడిచిపోతాయి. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ జిల్లా సిబ్బందిని కలిస్తే ఏ బ్యాచ్ ఎప్పుడో చెబుతారు.

పదేళ్లుగా బండి నడుపుతూ చేతిలో కాగితం లేనివాళ్లు మన మిల్లుల్లో చాలామందే ఉన్నారు. హమాలీ జట్టులో చేరి, డ్రైవరు సెలవు పెట్టిన రోజు స్టీరింగ్ పట్టినవాళ్లు వీళ్లు. మళ్లీ మొదటి నుంచి కోర్సు చదవక్కర్లేదు. ఆర్‌పీఎల్ అని ఉంటుంది, అంటే చేతికి వచ్చిన పనిని పరీక్షించి గుర్తించడం. కొద్దిపాటి అవగాహన తరగతి, ఆ తర్వాత పరీక్ష. నమోదు చేసేటప్పుడే ఆ దారి ఎంచుకోవాలి, బ్యాచ్‌లో చేరాక మార్చడం తలనొప్పి.

ప్రైవేటు కేంద్రానికి డబ్బు కట్టే ముందు రెండే ప్రశ్నలు అడగండి. బండి మీద ఎన్ని గంటలు కూర్చోబెడతారు? సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మీ పేరు వస్తుందా? మొదటిదానికి నీళ్లు నమిలితే వెనక్కి వచ్చేయండి.

పరీక్షలో ఏం చూస్తారు

ప్రశ్నలు తెలుగులో అడగమని కోరవచ్చు. అసలు కష్టం బండి మీద. ముందు బండి చుట్టూ తిరిగి చూడమంటారు: టైర్లు, హైడ్రాలిక్ నూనె కారుతోందా, గొలుసులు, హారన్, బ్రేకు, సీటు బెల్టు. చాలామంది ఇది తంతు అనుకుని తాళం తిప్పేస్తారు, మార్కులు అక్కడే పోతాయి.

తర్వాత బరువు లెక్క. ప్లేటు మీద 3000 కేజీలు, పక్కనే 500 మి.మీ. అని ఉంటుంది. ఫోర్కు నిలువు ముఖం నుంచి సరుకు బరువు నడిమి దాకా దూరం 500 మి.మీ. దాటకపోతేనే ఆ మూడు టన్నులు. సరుకు పొడవుగా ఉన్నా, ప్యాలెట్ ముందుకు జరిగినా బండి మోసేది తగ్గుతుంది, ఎత్తుకు లేపేకొద్దీ ఇంకా తగ్గొచ్చు. బియ్యం బస్తా 50 కేజీలైతే ప్యాలెట్ మీద 30 బస్తాలు అంటే టన్నున్నర. ఇంకో పది వేయమని మేస్త్రీ అంటే మీరు చూడాల్సింది ఈ ప్లేటునే, మేస్త్రీ ముఖం కాదు.

లారీ, ట్రాక్టరు నడిపినవాళ్లు ఒక చోట తడబడతారు. ఫోర్క్‌లిఫ్ట్ వెనక చక్రాలతో తిరుగుతుంది. ముందు భాగం తిరిగిందని ఊరుకుంటే వెనక భాగం బయటికి విసిరి రాక్‌నో మనిషినో కొడుతుంది. ఇక మిగతావి: సరుకుతో కదిలేటప్పుడు ఫోర్కులు నేలకు 15 నుంచి 20 సెం.మీ. ఎత్తులోనే ఉండాలి, మాస్ట్ (ఫోర్కులు పైకీ కిందికీ జరిగే నిలువు స్తంభం) వెనక్కి వంచాలి. సరుకు ఎదుటి చూపుకు అడ్డొస్తే వెనక్కి నడపాలి. ర్యాంపు మీద సరుకు ఎప్పుడూ ఎగువ వైపే ఉండాలి, ఖాళీ బండి అయితే ఫోర్కులు దిగువకు. ఫోర్కుల మీద మనిషిని ఎక్కించకూడదు. దిగేటప్పుడు ఫోర్కులు నేలకు దించి, న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, తాళం తీసుకోవాలి. బండి ఒరుగుతోందనిపిస్తే దూకకూడదు. దూకినవాడి మీదే బండి పడుతుంది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, ఒరుగుతున్న వైపుకు ఎదురుగా వంగి, సీట్లోనే ఉండాలి.

డెల్టాలో ఇంకో రెండు మాటలు అదనంగా చెప్పాలి. కోల్డ్ స్టోరేజీ తలుపు దగ్గర మంచు కరిగి నేల తడిగా ఉంటుంది, అద్దాలకు ఆవిరి పట్టేస్తుంది. లోపల డీజిల్ బండి పెట్టరు, బ్యాటరీ బండే. దాన్ని ఛార్జ్ చేసే గదికి గాలి ఆడాలి, ఎందుకంటే ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. ఇక మిల్లు యార్డులో వానాకాలం నల్లరేగడి మెత్తబడి, సరుకున్న ముందు చక్రం దిగబడిపోతుంది. సిమెంటు గచ్చు దాటి బండి దించమంటే వద్దనే హక్కు డ్రైవరుకు ఉండాలి.

అనుమతి కార్డు

సర్టిఫికెట్ చూపగానే తాళం ఇవ్వకూడదు. ప్లాంటువాళ్లు వాళ్ల బండి మీద, వాళ్ల నేల మీద మళ్లీ చూసి కార్డు ఇవ్వాలి. అందులో మీ ఫొటో, బండి రకం, కెపాసిటీ, ఎప్పటిదాకా చెల్లుతుంది, ఇచ్చినవారి సంతకం ఉండాలి. డీజిల్ మూడు టన్నుల బండికి ఇచ్చిన కార్డుతో రీచ్ ట్రక్ (ఇరుకు దారుల్లో ఎత్తైన రాక్‌లకు వాడే బండి) ఎక్కకూడదు, రెండింటి తీరు వేరు. అమెరికాలో కార్మిక భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా నిబంధన ప్రకారం యజమాని కనీసం మూడేళ్లకోసారి డ్రైవరును మళ్లీ పరీక్షించాలి. మన ప్లాంట్లూ ఆ లెక్కే పెట్టుకుంటే మంచిదే. ప్రమాదం తప్పిపోయినా, కొత్త రకం బండి వచ్చినా ఆ గడువు దాకా ఆగకూడదు.

రోడ్డెక్కితే

ప్లాంటు ఆవరణ దాటని బండి ఒక లెక్క, గేటు బయట రోడ్డు దాటి అవతలి గోడౌన్‌కు వెళ్లే బండి ఇంకో లెక్క. రెండోదానికి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, మీ లైసెన్సులో ఆ తరగతి ఉండాలి. పరివాహన్ సారథి పోర్టల్‌లో ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని, ముందు ఆ తరగతికి లెర్నర్స్ లైసెన్సు తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు గడిచాక అసలు పరీక్షకు స్లాట్ బుక్ చేసుకోవచ్చు. ఇదివరకే కారు లైసెన్సు ఉంటే కొత్త తరగతి చేర్చే ఆప్షన్ వాడాలి. కేంద్ర నిబంధనల్లో లెర్నర్స్‌కు తరగతికి 150, డ్రైవింగ్ పరీక్షకు 300, లైసెన్సుకు 200 రూపాయలు, వాటిపై సర్వీసు చార్జీలు. నలభై దాటినవాళ్లకు ఫారం 1ఎ మీద డాక్టరు సర్టిఫికెట్ కావాలి. పరీక్షకు అదే రకం బండి మీరే తెచ్చుకోవాలి, అందుకే స్లాట్ తీసుకునే ముందు ప్లాంటువాళ్లతో మాట్లాడుకోండి. ఆధార్‌లో యానాం చిరునామా ఉన్నవాళ్లు మాత్రం పోర్టల్‌లో పుదుచ్చేరి ఎంచుకోవాలి. వంతెన దాటితే రాష్ట్రం మారిపోతుందని దరఖాస్తు తిరస్కరించాకే గుర్తొస్తుంది చాలామందికి.

గల్ఫ్ వెళ్లేవాళ్లకు

కోనసీమ, నరసాపురం వైపు నుంచి ఈ ప్రశ్న తప్పదు. ఇక్కడి సర్టిఫికెట్ పని దొరకడానికి ఉపయోగపడుతుంది, కానీ అక్కడ బండి నడపడానికి అక్కడి పరీక్ష, అక్కడి కాగితం కావాలి. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (విదేశీ పనికి ముందుగా ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం) అయితే, వెళ్లే ముందు ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో అనుమతి తీసుకోవాలి, పది లక్షల రూపాయల కవరేజీ ఉండే ప్రవాసీ భారతీయ బీమా తీసుకోవాలి. ఏజెంటు పేరు ఈమైగ్రేట్ జాబితాలో ఉందో లేదో మీరే వెతికి చూసుకోండి. చట్ట ప్రకారం అతను తీసుకోగలిగిన గరిష్ఠ సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకుమించి అడిగితే రసీదు అడగండి.