గ్రూపులో అందరూ ఒకే మాట అంటున్నప్పుడు నిజం తేల్చుకోవడం ఎలా?

ముత్తుకూరు నుంచి కొత్తపట్నం దాకా రొయ్యల గుంటలున్న ఏ ఊరు తీసుకున్నా, రైతు ఫోన్లో ఒక వాట్సాప్ గ్రూపైనా ఉంటుంది. రేట్లు, సీడ్ (రొయ్య పిల్లలు), మేత, వాన కబురు, కరెంటు కోత అన్నీ అందులోనే తెలుస్తాయి. వీటివల్ల మేలు ఉంది. ట్రేడర్ చెప్పిందే రేటని తలూపాల్సిన అవసరం తగ్గింది. కానీ ఇదే గ్రూపు ఒక్కోరోజు అందరినీ కలిపి తప్పుదారి పట్టిస్తుంది.

2025 ఆగస్టు చివర్లో అమెరికా, రొయ్యలు సహా మన సరుకుల్లో చాలావాటి మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ వార్త నిజం. అలాంటి నిజమైన వార్త వచ్చినప్పుడే దాని వెనక పుకార్లు బయల్దేరతాయి. అప్పుడు గ్రూపులో మాటలు ఇలా సాగుతాయి:

"అన్నా, రేపట్నుంచి ప్లాంటోళ్లు కొనరంట."
"మాకాడ కూడా అదే అంటుండారు."
"ఉన్నకాడికి పట్టేయండబ్బా, ఆలస్యం చేస్తే అంతే."

గంటలో పదిహేను మెసేజ్‌లు వస్తాయి. ఆ పదిహేను మందిలో, రొయ్యలు కొనే ప్రాసెసింగ్ ప్లాంటుకు ఫోన్ చేసి అడిగినవాళ్లు ఒక్కరు కూడా ఉండకపోవచ్చు. ఆ భయంతో ఇంకా పెరగాల్సిన 100 కౌంట్ రొయ్యను, అంటే కిలోకు వంద వచ్చేదాన్ని, ఒక్కోటి 10 గ్రాములు తూగేదాన్ని, అందరూ ఒకేసారి పట్టేస్తే సరుకు గుట్టలుగా వచ్చి పడుతుంది. అప్పుడు రేటు నిజంగానే పడిపోతుంది. పుకారు తనను తానే నిజం చేసుకుంటుంది, "చెప్పాం కదా" అనేవాళ్లకు బలం వస్తుంది. నష్టం మాత్రం గుంట మీద అప్పు తెచ్చినవాడిదే. ఇది జరగకుండా ఏం చేయాలో చూద్దాం.

1. తలలు లెక్కపెట్టకండి, మూలాలు లెక్కపెట్టండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. ఎంతమంది చెప్పారన్నదాన్ని పక్కన పెట్టి, ఎంతమంది విడివిడిగా కళ్లతో చూసి చెప్పారో తేల్చండి. మెసేజ్ పెట్టినవాళ్లలో ముగ్గురు నలుగురికి విడిగా ఫోన్ చేసి, "అన్నా, నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?" అని అడగండి. చెప్పారంటే ఎవరు చెప్పారో అడిగి వాళ్లకూ ఫోన్ చేయండి. చాలాసార్లు రెండో ఫోన్‌కో మూడో ఫోన్‌కో దారులన్నీ ఒకే వాయిస్ మెసేజ్ దగ్గరికి చేరతాయి. అప్పుడు మీ దగ్గరున్నది పదిహేను సాక్ష్యాలు కాదు, ఒక్కటే. అదీ ఎవరిదో తెలియని గొంతు.

వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో "చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది" అని కనిపిస్తే, ఆ మాట పంపినవారిది కాదనీ, చాలా చేతులు దాటి వచ్చిందనీ తెలుసుకోండి. 2020 నుంచి అలాంటి మెసేజ్‌ను ఒకసారికి ఒక చాట్‌కే పంపగలిగేలా వాట్సాప్ కట్టడి చేసింది. అయితే ఫార్వర్డ్ కొట్టకుండా కాపీ చేసి పేస్ట్ చేస్తే ఆ గుర్తు రాదు. గుర్తు లేదు కదా అని ధీమాగా ఉండకండి.

2. ఇతరుల జవాబు చూడకముందే మీ లెక్క రాసుకోండి

గుంపుకు తెలివి ఉంటుంది. 1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ పశు ప్రదర్శనలో ఒక ఎద్దును కోసి శుభ్రం చేశాక మాంసం ఎంత తూగుతుందో ఊహించే పోటీ పెట్టారు. 787 చీటీలు లెక్కకొచ్చాయి. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త వాటిని వరసలో పేర్చి నడిమి అంకె చూస్తే 1207 పౌండ్లు. అసలు బరువు 1198 పౌండ్లు. తేడా ఒక శాతం కూడా లేదు. ఒంగోలు గిత్తను చూసి బరువు అంచనా వేయగల మన పశువుల బేరగాళ్లకు ఇదేమంత వింతగా అనిపించకపోవచ్చు. కానీ అక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఎవరి చీటీ వాళ్లు విడిగా రాసి ఇచ్చారు. పక్కవాడి అంకె చూసి రాయలేదు.

ఆ ఏర్పాటు తీసేస్తే ఏమవుతుందో 2011లో స్విట్జర్లాండ్‌లో 144 మంది విద్యార్థులతో పరీక్షించారు. ఇతరుల అంచనాలు చూపించేసరికి అందరి అంకెలూ దగ్గరపడ్డాయి, నిజానికి మాత్రం చేరువ కాలేదు. అంతా ఏకాభిప్రాయానికి వచ్చామన్న నమ్మకం మాత్రం పెరిగింది. నాకు దీనిలో భయం కలిగించేది ఆ నమ్మకమే.

అందుకే రేటు కావాలంటే గ్రూపులో "ఎంతుందన్నా?" అని అడగొద్దు. మొదటివాడు చెప్పిన అంకె చుట్టూనే మిగతావాళ్లు తిరుగుతారు. నలుగురైదుగురికి విడివిడిగా ఇలా పంపండి: "అన్నా, ఈ మూడు రోజుల్లో మీరే అమ్మారా? ఏ కౌంట్? కిలో ఎంతకు? డబ్బు చేతికి వచ్చిందా?" చివరి ప్రశ్న మానకండి. చెప్పిన రేటుకీ చేతికందిన రేటుకీ తేడా ఉండే రోజులున్నాయి.

3. మాట్లాడలేకపోయినవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి

2021 మేలో, కరోనా రెండో విడతలో, ముత్తుకూరు మండలం కృష్ణపట్నానికి నాటు మందు కోసం వేలమంది వచ్చారు. మే 21న పంపిణీ ఆపారు. పరిశీలన తర్వాత మే 31న కంటి చుక్కలు తప్ప మిగతా మందుకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. హాని కనపడలేదన్నారు గానీ, కరోనాను తగ్గిస్తుందని రుజువు కాలేదు. మరి అంతమంది అంత గట్టిగా ఎలా నమ్మారు? వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. ఆసుపత్రిలో మంచం దొరకక, ఆక్సిజన్ దొరకక, ఇంట్లో మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటుంటే చేసిన ప్రయాణాలవి. వాళ్లను ఎగతాళి చేయడం నాకు ఏనాడూ నచ్చలేదు.

అక్కడ లెక్క ఎక్కడ తప్పిందంటే, కరోనా సోకినవాళ్లలో ఎక్కువమంది ఏ మందూ లేకుండానే కోలుకుంటారు. కోలుకున్నవాళ్లు వీడియో పెడతారు, పదిమందికి చెబుతారు. చనిపోయినవాళ్లు చెప్పలేరు. కాబట్టి ఎవరైనా "ఇది వాడాం, తగ్గింది" అంటే, "వాడకుండా ఎంతమందికి తగ్గింది? వాడినా తగ్గనివాళ్లు ఎందరు?" అని అడగండి. గుంట విషయంలోనూ అంతే. రొయ్యలకు సోకే వైట్‌స్పాట్ వైరస్‌ను నయం చేసే మందు లేదు. ఫలానా పొడి చల్లితే ఆగిపోయిందని గ్రూపులో ఎందరు చెప్పినా, ముందుగా రొయ్యను ల్యాబ్‌లో, వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్షకు ఇవ్వండి.

4. రేటింగులు చదివే పద్ధతి

హోటలైనా, సీడ్ హేచరీ అయినా, రేటింగ్ చుక్కల (స్టార్ల) సగటు చూసి ఆగిపోవద్దు. 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, కొన్ని కామెంట్లకు పరిశోధకులే ముందుగా ఒక్క మెచ్చుకోలు ఓటు వేసి వదిలారు. ఆ ఒక్క ఓటుతో వాటి చివరి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. కొత్త రివ్యూలు ముందుకు వచ్చేలా పెట్టుకుని, మూడు చుక్కలవి చదవండి. పొగడ్తా తిట్టూ కాకుండా వివరం చెప్పేది అక్కడే.

తేదీ కూడా చూడాలి. 2022 ఏప్రిల్ 4న కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మారింది, 2025 చివర్లో తిరిగి ప్రకాశంలోకి వచ్చింది. మధ్యలో రాసిన పేజీలో నెల్లూరు జిల్లాయే ఉంటుంది, దాన్ని చూసి రాసిన పేజీల్లోనూ అదే ఉంటుంది. తెలుగు వికీపీడియా వ్యాసమైతే "చరిత్ర" ట్యాబ్ నొక్కితే ఎవరు ఎప్పుడు మార్చారో కనిపిస్తుంది.

5. ప్రాణం మీదికొచ్చే విషయమైతే గ్రూపును అడగొద్దు

పెన్నాకు వరద వచ్చినప్పుడు "కట్ట తెగింది" అనే మెసేజ్ వస్తే 112కి గానీ రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ 1070కి గానీ ఫోన్ చేయండి. సోమశిల జలాశయం నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారో జలవనరుల శాఖ చెప్పే అంకె చూడండి. ఫోన్ కలవకపోతే, నీళ్లు దగ్గర్లో ఉంటే, మెట్టకు చేరాకే నిజం తేల్చుకోండి.

6. మీరే అడ్మిన్ అయితే

1951లో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో విద్యార్థులకు గీతలు చూపించి ఏవి సమానమో అడిగాడు. మిగతావాళ్లంతా కావాలని తప్పు చెబుతుంటే, అసలు పరీక్షలో ఉన్నవాళ్ల జవాబుల్లో మూడో వంతు దాకా ఆ తప్పు వైపే మొగ్గాయి. గుంపులో ఒక్కరు సరైన జవాబు చెప్పేసరికి ఆ ఒత్తిడి బాగా తగ్గిపోయింది. ఆ ఒక్కరికి మీ గ్రూపులో చోటు ఉండేలా చూడాలి. "నాకు అలా అనిపించట్లేదు మామా" అన్నవాడి మీద నలుగురు పడితే వెంటనే ఆపండి. వాట్సాప్ పోల్ పెడితే ముందు పడ్డ ఓట్లు తర్వాతివాళ్లకు కనిపిస్తాయి కాబట్టి, గట్టి విషయాలకు జవాబులు మీకే విడిగా పంపమనండి. అన్నీ వచ్చాక పేర్లు లేకుండా, అన్నిటికంటే తక్కువ, ఎక్కువ, నడిమి అంకెలు మూడూ కలిపి పెట్టండి. పంపిన మాట తప్పని తేలితే, దాన్ని చెరిపేసి ఊరుకోకుండా, సరైన సంగతిని తేదీతో రాసి గ్రూపు పైన పిన్ చేయండి. రాత్రికి రొయ్యల పట్టుబడి పెట్టుకున్నవాడు ముందుగా చూసేది దాన్నే.