యూకేలో దిగిన వారంలోనే జీపీ దగ్గర పేరు రాయించుకోండి

వీసా అప్లై చేసినప్పుడు ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం హెల్త్ సర్‌ఛార్జ్ కట్టారు గుర్తుందా, స్టూడెంట్స్‌కి ఏడాదికి 776 పౌండ్లు, మిగతా పెద్దవాళ్ళకి 1,035, అంత కట్టి కూడా మనవాళ్ళు చాలామంది జ్వరమొస్తే ఇంటి నుంచి తెచ్చుకున్న డోలో వేసుకుని దుప్పటి కప్పుకుని పడుకుంటున్నారు. నాకు అదే బాధ. ఒంట్లో బాగున్నప్పుడే జీపీ దగ్గర, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ దగ్గర, రిజిస్టర్ అయిపోండి.

ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే దగ్గర్లో ఉన్న జీపీ సర్జరీలు వస్తాయి (సర్జరీ అంటే ఆపరేషన్ కాదండి, ఇక్కడ డాక్టర్ క్లినిక్‌ని అలాగే అంటారు). ఆన్‌లైన్‌లో ఫామ్ నింపొచ్చు, లేదా అక్కడికే వెళ్ళి రిజిస్ట్రేషన్ ఫామ్ అడగండి. పైసా కట్టక్కర్లేదు.

నేనొచ్చిన కొత్తలో ఫ్రెండ్ రూమ్‌లో సోఫా మీద పడుకునేదాన్ని, నా పేరు మీద ఒక్క బిల్లు కూడా లేదు. రిసెప్షన్‌లో ఆవిడ అడ్రస్ ప్రూఫ్ లేకపోతే కుదరదంటే సరేనని వచ్చేశా, మూడు వారాలకి చెవిపోటు వచ్చి రాత్రంతా ఏడ్చా. తర్వాత తెలిసింది, ఇంగ్లండ్‌లో రిజిస్ట్రేషన్‌కి అడ్రస్ ప్రూఫ్, ఐడీ, వీసా ఏవీ తప్పనిసరి కాదు. మీకూ అలా చెప్తే నెమ్మదిగానే, కారణం రాసివ్వమని అడగండి, 14 రోజుల్లో రాసివ్వాలి.

అపాయింట్‌మెంట్‌కి చాలా చోట్ల పొద్దున్న ఎనిమిదింటికే ఫోన్ కొట్టాలి. ఎన్నాళ్ళ నుంచి ఉంది, ఎక్కడ నొప్పి అన్నది ముందే కాగితం మీద రాసుకోండి. ఇంగ్లీష్ ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, అదీ ఫ్రీనే. అర్ధరాత్రి ఏం చెయ్యాలో తెలీకపోతే 111, గుండెనొప్పి, ఊపిరాడకపోవడం లాంటివైతే ఆలోచించకుండా 999కి ఫోన్ కొట్టండి.

మందులకి ఇంగ్లండ్‌లో ఒక్కో ఐటమ్‌కి పది పౌండ్లకి కాస్త తక్కువ, స్కాట్లండ్, వేల్స్‌లో ఏమీ ఉండదు. కడుపుతో ఉన్నవాళ్ళు మిడ్‌వైఫ్‌ని (గర్భిణుల్ని చూసుకునే నర్సు లాంటావిడ) మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ అడగండి, ప్రిస్క్రిప్షన్ ఫ్రీ.

పురుడుకి అమ్మనో అత్తగారినో పిలిపిస్తున్నారా, ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. విజిట్ వీసా మీద వచ్చినవాళ్ళకి జీపీ, ఎమర్జెన్సీ డిపార్ట్‌మెంట్ వరకూ ఫ్రీ, అక్కణ్ణుంచి వార్డులో చేర్చుకుంటే అసలు రేటుకి ఒకటిన్నర రెట్లు బిల్లేస్తారు, 500 పౌండ్లు ఆపైన బాకీ రెండు నెలలు దాటితే మళ్ళీ వీసా రాకపోవచ్చు. టికెట్‌తో పాటే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, బీపీ, షుగర్ ఉన్నాయని ఫామ్‌లో దాచకుండా రాయండి, ప్రీమియం ఎక్కువైనా సరే, దాస్తే క్లెయిమ్ దగ్గర ఆపేస్తారు.