మిషన్ వాత్సల్య సాయానికి దరఖాస్తు చేసుకునే విధానం

తండ్రి మరణించిన, లేదా తల్లిదండ్రులిద్దరూ లేక బంధువుల ఇంట పెరుగుతున్న పిల్లలను హాస్టల్‌కు పంపే ముందు మిషన్ వాత్సల్య (కేంద్ర ప్రభుత్వ బాలల పరిరక్షణ పథకం) స్పాన్సర్‌షిప్, అంటే బిడ్డను ఇంట్లోనే పెంచేందుకు ఇచ్చే నెలవారీ సాయం గురించి ఆలోచించడం మంచిది. అర్హులైన బిడ్డకు 18 ఏళ్లు నిండేవరకు నెలకు 4,000 రూపాయలు అందుతాయి. కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో 72,000, ఇతర ప్రాంతాల్లో 96,000 రూపాయలకు మించకూడదు.

దరఖాస్తును జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. అక్కడికి వెళ్లడం కష్టమైతే అంగన్‌వాడీ టీచరుతోగాని, పిల్లల సంక్షేమం కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తతోగాని మాట్లాడండి. పత్రాలు సరిచూసి, ఫారం నింపించి, వెంట వచ్చే సంస్థలు ఉన్నాయి. ఈ సాయానికి రుసుము ఉండదు కాబట్టి ఎవరైనా డబ్బు అడిగితే అనుమానించాల్సిందే.

ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ జతచేయాలి. ఆదాయ పత్రం తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో దొరుకుతుంది. ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పేర్ల తేడా: ఆధార్‌లో ‘లక్ష్మి’, బడి రికార్డులో ‘మహాలక్ష్మి’ అని ఉంటే, ముందుగా దాన్ని సరిచేయించుకుంటేనే మళ్లీ మళ్లీ తిరగాల్సిన అవసరం తప్పుతుంది.

ఆ తర్వాత సిబ్బంది ఇంటికి వచ్చి, బిడ్డ ఎవరి దగ్గర ఉంటున్నాడు, ఏం చదువుతున్నాడు అని విచారించి నివేదిక రాస్తారు. అప్పులు, అనారోగ్యం దాచకుండా చెప్పండి. మంజూరు నిర్ణయం జిల్లా కమిటీది. సాయం మొదలయ్యాక బిడ్డ బడి మానకుండా చూసుకోవాలి. బిడ్డకు హింస, బాల్యవివాహం వంటి ప్రమాదం ఎదురైతే మాత్రం దరఖాస్తుల దాకా ఆగక వెంటనే బాలల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయండి.