కోకో టేలర్ పాటలు మొదటినుంచి వినాలంటే

పర్లాకిమిడిలో మా కుట్టు షాపుకి వచ్చేవాళ్లు "ఈ ఇంగ్లీషు పాటలు మీకు అర్థమవుతాయా అమ్మా?" అని అడుగుతుంటారు. సగం మాటలు అర్థం కావు. అయినా పదేళ్లుగా, అమెరికా నల్లజాతివాళ్ల పాటలైన బ్లూస్ పాడిన కోకో టేలర్‌ని వింటున్నాను. నాకు కుదిరిన పద్ధతి చెబుతాను.

ముందు 'వాంగ్ డాంగ్ డూడుల్' పెట్టుకోండి. 1965లో షికాగోలో రికార్డు చేశారు. రాసింది విల్లీ డిక్సన్, గిటార్ మీద బడ్డీ గయ్. అర్థం వెతక్కండి, గొంతు ఒక్కటే వినండి. మాట చివర గరగరమంటుంది. అది గొంతు బొంగురుపోవడం కాదు, కావాలని బిగబట్టి వదలడం. నా దగ్గర పని నేర్చుకునే సవర అమ్మాయి ఈ పాట విని "ఇది చర్చిలో పాడిన గొంతు" అంది. నిజమే. కోకో 1928లో అమెరికాలోని మెంఫిస్ ఊరి దగ్గర, పత్తి చేలు పాలుకు చేసుకునే ఇంట్లో పుట్టింది. చిన్నప్పుడు చర్చిలో పాడింది. షికాగో వచ్చాక పగలు డబ్బున్నవాళ్ల ఇళ్లు తుడిచింది, రాత్రి క్లబ్బుల్లో పాడింది.

తరవాత 1975 ఆల్బమ్‌కి రండి, ఎలిగేటర్ కంపెనీది. ఇక్కడ తాళం లెక్క నేర్చుకోవాలి. 'వాంగ్ డాంగ్ డూడుల్'తో లెక్క మొదలుపెట్టకండి, అందులో వాయిద్యాలు ఒకే శ్రుతి మీద తిరుగుతాయి. మామూలు బ్లూస్ పాటలో ఒక వరుస పాడి ఆగుతారు. ఆ ఖాళీలో గిటారో మౌత్ ఆర్గనో జవాబిస్తుంది. అదే వరుస మళ్లీ పాడతారు. మూడో వరుసలో సంగతి తేలుతుంది. వరుసకి 16 దెబ్బలు, మొత్తం 48. నా కాలు ఎలాగూ మిషన్ మీదే ఉంటుంది కాబట్టి దానితోనే లెక్కపెట్టాను. మీరు చిటికెలు వేసుకోండి. రెండో వరుస మొదట్లో వాయిద్యాల శ్రుతి పక్కకి జరిగినట్టు వినిపించిందంటే లెక్క కుదిరినట్టే.

మా నాన్న జముకుల కథకి వంత పాడేవారు. కథకుడు మాట వదిలినచోట వంత అందుకోకపోతే కథ అక్కడే చచ్చిపోతుందనేవారు. గిటార్ చేసేది ఆ పనే. అందుకే ఆవిడ ఆగిన చోట్లు శ్రద్ధగా వినమంటున్నాను. నాకు ఆవిడ మీద ప్రేమ పుట్టింది ఆ చోట్లలోనే.

1985లో ఆవిడకి గ్రామీ అనే సంగీత పురస్కారం వచ్చింది. ఆ కాలం పాటలు తీరిగ్గా వినండి, కచేరీ రికార్డింగులు దొరికితే ఇంకా మంచిది. 2007లో వచ్చిన 'ఓల్డ్ స్కూల్' ఆల్బమ్‌ని మాత్రం విడిగా ఒక రాత్రికి అట్టేపెట్టుకోండి. అప్పటికి ఆవిడకి 78 ఏళ్లు. 2009 మే 7న మెంఫిస్‌లో ఆఖరిసారి పాడి, జూన్ 3న షికాగోలో కన్నుమూసింది.

'ఓల్డ్ స్కూల్' అయిపోగానే మళ్లీ 1965 పాట పెట్టండి. మధ్యలో టీకి కూడా లేవకండి.