డిశ్చార్జి అంటే ఇంటికి పంపడమేనా? ఇంగ్లీషు మాటకు సరైన అర్థం పట్టే పద్ధతి

గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అలాంటి వరద రోజుల్లో ఇంగ్లీషు పత్రిక తీస్తే ‘డిశ్చార్జి 10 లక్షల క్యూసెక్కులు’ అని ఉంటుంది. మన నోట్లో డిశ్చార్జి అంటే ఆసుపత్రి నుంచి ఇంటికి పంపడమే. పత్రికలో మాత్రం అది బ్యారేజీ నుంచి సెకనుకు ఇన్ని ఘనపుటడుగుల చొప్పున కిందికి వదిలే నీరు. అదే మాట చెవి డాక్టరు చీటీలో ఉంటే చెవిలోంచి కారే చీము. మూడూ సరైన అర్థాలే. ఎక్కడ ఏది అన్నదే చూసుకోవాలి.

ముందు డిక్షనరీ తెరవకండి. వాక్యం పూర్తిగా చదివి, ఆ మాట నామవాచకమా, క్రియా అన్నది తేల్చండి. సగం అర్థాలు అక్కడే రాలిపోతాయి. తర్వాత దాని పక్కన అంటుకున్న చిన్న మాట చూడండి. ఛార్జ్ పక్కన ‘విత్’ ఉంటే నేరం మోపడం, ‘ఫర్’ ఉంటే డబ్బు వసూలు చేయడం. కాలువ లాకులు చూసుకునే ఉద్యోగి లస్కరు. ఆయన ‘ఇన్ ఛార్జ్ ఆఫ్ ద లాక్’ అంటే లాకుల బాధ్యత ఆయనది. లాకులు ‘ఇన్ ద ఛార్జ్ ఆఫ్ ద లస్కర్’ అన్నా అదే సంగతి, కానీ వాక్యం తిరగబడింది. మధ్యలో ఉన్న ‘ద’ గమనించకపోతే ఎవరు ఎవరి చేతిలో ఉన్నారో తారుమారవుతుంది. పరీక్షల్లో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

ఇప్పుడు డిక్షనరీ. ఒకే స్పెల్లింగుతో మాట రెండు మూడు చోట్ల విడిగా ఉండి, నెత్తిన చిన్న అంకె కనిపిస్తే అవి వేర్వేరు మాటలుగా లెక్క. ఏటి గట్టు బ్యాంకు, డబ్బులు దాచే బ్యాంకు అలాంటివే. ఒకే మాట కింద 1, 2, 3 అని ఉంటే అవి ఒకే మాటకు కొమ్మలు. మెరియం వెబ్‌స్టర్ అర్థాలను పుట్టిన క్రమంలో ఇస్తుంది, కాబట్టి అందులో మొదటి అర్థం ఇప్పుడు వాడుకలో ఎక్కువగా ఉన్నదే అయి ఉండాలని లేదు. విద్యార్థుల కోసం చేసిన డిక్షనరీల్లో సాధారణంగా ఎక్కువ వాడేది ముందుంటుంది. ఇంగ్లీషు–తెలుగు డిక్షనరీలో కామాలతో వరసగా తెలుగు మాటలిచ్చి ఊరుకుంటే, మొదటిది ఏరుకుని వెళ్లిపోవద్దు. ఆ మాటతో ఉదాహరణ వాక్యం ఉన్న మరో డిక్షనరీ చూడండి.

కొమ్మలన్నీ గుర్తుండాలంటే మొదలు పట్టుకోవాలి. ఛార్జ్‌కు మొదలు బరువు ఎక్కించడం. బండి అనే అర్థమున్న లాటిన్ మాటలోంచి వచ్చింది. బ్యాటరీకి ఎక్కించేది కరెంటు, మనిషి నెత్తిన పెట్టేది నేరమో, బాధ్యతో, రుసుమో. డిశ్చార్జి దానికి ఎదురు: ఎక్కించింది దించడం. బ్యారేజీ నీటిని దించుతుంది, పుండు చీమును దించుతుంది, ఆసుపత్రి రోగిని పంపేస్తుంది, ఉద్యోగి తన విధి నెరవేర్చి భారం దించుకుంటాడు. కల్చర్‌కు మొదలు సాగు. భీమవరం చెరువుల్లో చేపల కల్చర్, ల్యాబులో మూత్రం కల్చర్ రిపోర్టు, ఒక జాతి కల్చర్, అన్నీ పెంచి పోషించేవే. డ్రెయిన్ అంటే ఉన్న నీరు తీసేయడం. పొలంలో మురుగు కాలువ అదే, వంటల పుస్తకంలో ‘డ్రెయిన్ ద రైస్’ అంటే అన్నం వార్చమని.

తెలుగులో కలిసిపోయిన మాటలే ఎక్కువ మోసం చేస్తాయి, ఎందుకంటే అవి ఒక్క అర్థాన్నే వెంట తెచ్చుకున్నాయి. కరెంటు అంటే మనకు విద్యుత్తే. ఇంగ్లీషులో ఏటి ప్రవాహం కూడా. విజ్జేశ్వరంలో లాకులంటే పడవను రెండు తలుపుల మధ్య ఆపి, నీటితో లేపడమో దించడమో చేసే కట్టడం. మిగతా ఇంగ్లీషు లోకానికి ముందు గుర్తొచ్చేది తాళం. రొయ్యల కౌంటు ఇంకా తిరకాసు. 30 కౌంటు అంటే కిలోకు 30 రొయ్యలు, 100 కౌంటు అంటే 100. అంకె తగ్గితే రొయ్య పెద్దది. నూలు కౌంటులో అంకె పెరిగితే దారం సన్నం.

అనుమానం తీరకపోతే ఎదురు మాట వెతకండి. ‘ఫ్రెష్ ఫిష్’కు ఎదురు నిలవ చేప. ‘ఫ్రెష్ వాటర్ ఫిష్’లో ఫ్రెష్ నీటికి చెందింది, దానికి ఎదురు ఉప్పునీరు. అంటే శీలావతి, బొచ్చె లాంటి మంచినీటి చేప. అది ఐసులో నాలుగు రోజులున్నా ఫ్రెష్ వాటర్ ఫిష్షే.

నోట్సు రాసుకునేవాళ్లు మాటకు అరపేజీ కేటాయించండి. మధ్యలో ఆ మాట మొదలు, చుట్టూ మూడు కొమ్మలకు మించకుండా, ఒక్కోదానికి ఒక వాక్యం, పక్కనుండే విత్, ఫర్, ఆఫ్‌తో సహా. రన్ అనే క్రియకు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు 645 అర్థాలు లెక్కగట్టారు. అన్నీ బట్టీ పట్టే పని పెట్టుకోవద్దు. చదువుతుంటే కొత్త అర్థం తగిలినప్పుడు కొమ్మ చేర్చండి. అది మొదలుకు అతకకపోతే డిక్షనరీలో నెత్తిన అంకె ఉందేమో చూసి, ఉంటే వేరే పేజీ తీయండి.